ఉదయం ముందు రాత్రే మొదలవుతుంది

కొన్నేళ్ల క్రితం ఒక ఉపవాస కూడికలో మేము వేకువ ప్రార్థన గురించి గట్టిగా ప్రసంగించాము. నాలుగింటికి లేవని విశ్వాసికి ఆత్మీయ జీవితమే లేదన్నంతగా మాట్లాడామని ఇప్పుడు ఒప్పుకోవాలి. కూడిక ముగిశాక ఒక సహోదరి వచ్చి పక్కన నిలబడింది. ఆమె నర్సు. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. "అయ్యగారూ, నాలుగింటికి నేను మెలకువగానే ఉంటానండి, వార్డులో. ఎనిమిదింటికి డ్యూటీ దిగి, ఇంటికెళ్లి, పిల్లల్ని బడికి పంపి అప్పుడు పడుకుంటాను. మరి నా ఉదయం ఏదండీ?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. "ప్రార్థన చేద్దాం తల్లీ" అని తప్పించుకున్నాము. ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఈ వారం రాస్తున్నది ఆమెకు ఆలస్యంగా ఇస్తున్న జవాబే.

ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఎందరో ఒకే తీర్మానం చేసుకుంటారు. రేపటినుండి నాలుగింటికి లేవాలి, గంట ప్రార్థన, మూడు అధ్యాయాలు, ఆపైన నడక. సంక్రాంతి నాటికి అది పోతుంది. అలారం ఆపి పడుకున్న ఆ మనిషి తన లెక్క తప్పిందని అనుకోడు, తన భక్తి చల్లారిందనుకుంటాడు. పాస్టరు ఎదురుపడితే తల వంచుకుంటాడు. కొందరు ఆ సిగ్గుతోనే మెల్లగా కూడికలకు దూరమవుతారు. అందుకే ఇది గడియారపు విషయమేలే అని మేము వదిలేయలేకపోతున్నాము.

ముందు శరీరం సంగతి చూద్దాం. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు 2015లో కలిసి ప్రకటించాయి. మన శరీర కణాల్లో పగలూ రాత్రీ తెలిసిన ఒక గడియారం ఉంటుంది. అది ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గడియారం మన తీర్మానాలకు ఒక్క రాత్రిలో లోబడదు. పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేచేవాడు గెలిచింది ఏమీ లేదు, మూడు గంటలు అప్పు చేశాడంతే. ఆ అప్పు మధ్యాహ్నం బండి నడుపుతున్నప్పుడో, మిషను ముందు నిలబడ్డప్పుడో, పిల్లల మీద అరిచినప్పుడో వసూలవుతుంది.

వేకువన లేవడానికి మనం తరచుగా చూపే మాదిరి జాన్ వెస్లీ. ఆయన నాలుగింటికి లేచేవారన్నది నిజమే. అయితే ఆ అలవాటు ఎలా కుదిరిందో ఆయనే ఒక ప్రసంగంలో వివరించారు. యౌవనంలో ఆయనకు రోజూ అర్ధరాత్రి వేళ మెలకువ వచ్చేది. అవసరానికి మించి పడుకుంటున్నానేమోనని అనుమానం వచ్చి అలారం గడియారం కొన్నారు. మొదటి రోజు ఏడింటికి లేచారు. ఆ రాత్రీ మెలకువ వచ్చింది. తరువాత ఆరింటికి, ఐదింటికి, చివరికి నాలుగింటికి లేచి చూశారు. అప్పుడు రాత్రి మెలకువ ఆగిపోయింది. అంటే తన శరీరానికి ఎంత నిద్ర కావాలో పరీక్షించి తెలుసుకున్నారు. ఒకే కొలత అందరికీ సరిపోదని, ఒకే మనిషికి కూడా అన్ని కాలాల్లో సరిపోదని కూడా అదే ప్రసంగంలో చెప్పారు. మనం ఆయన నాలుగు గంటల్ని పట్టుకున్నాము, ఆయన చేసిన పరీక్షను వదిలేశాము.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు. అదే సువార్త నాలుగో అధ్యాయంలో, పగలంతా బోధించిన సాయంకాలం, తుఫానులో ఊగుతున్న దోనెలో తలగడ మీద నిద్రపోయాడు. మొదటి దానిమీద మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. రెండోదానిలోని ఆ నిద్ర గురించి ఎన్ని చేశామో లెక్కపెట్టడానికి వేళ్లు అక్కర్లేదు. ఆదికాండము మొదటి అధ్యాయంలో ప్రతి దినమూ సాయంకాలంతో మొదలై ఉదయంలోకి వస్తుంది. మన ఇళ్లలోనూ అంతే. రేపటి ఉదయం ఎలా ఉంటుందో ఈ రాత్రి తేలిపోతుంది.

ఇక చేయవలసింది ఏమిటి?

మొదట, ఒక వారంపాటు ఏమీ మార్చకుండా ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. ఎన్నింటికి ఫోను పక్కన పెట్టారు, ఎప్పుడు నిద్రపట్టింది, ఎప్పుడు లేచారు, ఎక్కడ ఆలస్యమైంది. చాలా ఇళ్లలో ఉదయాన్ని మింగేసేది కనబడని సాక్సో, ఇస్త్రీ కాని యూనిఫారమో, లేవగానే చేతిలోకి తీసుకున్న ఫోనో అని తేలుతుంది.

రెండు, మీ చేతిలో లేని సమయం ఏదో చూసి అక్కడినుండి వెనక్కి లెక్కించండి. బడి వ్యాను ఏడూ నలభైకి వస్తుందనుకుందాం. పిల్లల స్నానాలకు, టిఫినుకు నలభై నిమిషాలు. వంటకు, క్యారేజీలకు నలభై ఐదు. తల్లి స్నానానికి పదిహేను. ఆమె దేవునితో ఒంటరిగా గడపడానికి పదిహేను. అంటే ఐదూ నలభై ఐదుకు లేవాలి. ఏడున్నర గంటల నిద్ర కావాలంటే పదింబావుకల్లా పడుకోవాలి. పదిన్నర దాకా సీరియలు, పదకొండున్నర దాకా ఫోను నడిచే ఇంట్లో ఈ లెక్క నిలవదు. కాబట్టి అలారం మార్చడానికి ముందు రాత్రిని మార్చాలి.

మూడు, ఉదయపు పనిలో కొంత రాత్రికి జరపండి. కూరగాయలు తరిగి పెట్టడం, పుస్తకాల సంచులు సర్దడం, బట్టలు తీసి ఉంచడం, బైబిలు కూర్చునే చోటే ఉంచడం. ఫోను పడకగదిలో కాకుండా హాల్లో ఛార్జింగు పెట్టండి. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ దాదాపు సగం రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుందని గుర్తుంచుకోండి. లేచాక కాసేపు వాకిట్లోనో మేడమీదో ఎండ వెలుగులో నిలబడితే లోపలి గడియారం సరిగ్గా తిరుగుతుంది.

నాలుగు, కొత్త అలవాటు చిన్నదిగా ఉండాలి, ఇప్పటికే చేస్తున్న పనికి ముడిపడి ఉండాలి. "రోజూ గంట చదువుతాను" కంటే "కాఫీ గ్లాసు చేతిలోకి రాగానే ఒక కీర్తన చదువుతాను" అన్నది నిలబడుతుంది. (పాలు పొయ్యిమీద పెట్టగానే అనుకోకండి. పాలు పొంగుతాయి, కీర్తన మధ్యలో ఆగుతుంది.) లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలిస్తే, ఒక అలవాటు తనంత తానుగా జరిగే స్థితికి రావడానికి సగటు మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే పడితే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనాకు వచ్చారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. మంగళవారం తప్పితే బుధవారం మళ్లీ మొదలుపెట్టండి. వచ్చే జనవరి దాకా ఆగనక్కర్లేదు.

ఐదు, కష్టమైన రోజుకు ఒక చిన్న క్రమం ముందే అనుకోండి. బిడ్డకు జ్వరం, ఇంటినిండా చుట్టాలు, మిరపకోతల కాలంలో తెల్లవారకముందే ఆటో ఎక్కాల్సిన రోజులు ఉంటాయి. ఆ రోజున మంచంమీద కూర్చుని చేసిన రెండు నిమిషాల ప్రార్థన చాలు. అమెరికా వేళలతో పనిచేసే సాఫ్టువేరు ఉద్యోగికి అర్ధరాత్రి దాకా కాల్స్ ఉంటాయి. అతను ఏడున్నరకు లేస్తే సోమరి కాడు. అతని వేకువ అప్పుడే.

ఇక్కడ పురుషులకు ఒక మాట చెప్పాలి. కొన్ని ఇళ్లలో తండ్రి ప్రశాంతంగా గంటసేపు ధ్యానం చేసుకుంటాడు. ఆ గంటా తల్లి వంటింటికీ స్నానాల గదికీ మధ్య పరుగెడుతుంది. భార్య నిద్రను, భార్య ప్రార్థనను ఖర్చుపెట్టి సంపాదించుకున్న ధ్యానం అది. అన్నా, పిల్లలకు మీరు తల దువ్వండి. క్యారేజీలు మీరు సర్దండి. ఆమెకు పదిహేను నిమిషాలు దొరుకుతాయి.

సంఘ కాపరులమైన మాకూ ఒక మాట ఉంది. గృహ కూడికను రాత్రి పదిన్నర దాకా సాగదీసి, చివర్లో "రేపు నాలుగింటికి లేవండి" అని చెప్పి పంపేది మేమే. తొమ్మిదికల్లా ముగింపు ప్రార్థన చేసి విశ్వాసులను ఇళ్లకు పంపడం కూడా కాపరి పనేనని మేము ఆలస్యంగా నేర్చుకున్నాము.

ఆ నర్సు సహోదరికి ఇప్పుడైతే ఇలా చెబుతాము. తల్లీ, పిల్లలు బడికి వెళ్లాక తలుపు వేసి, స్నానం చేసి, పది నిమిషాలు ప్రభువు సన్నిధిలో కూర్చో. రాత్రి నీ చేతిమీదుగా మందులు తీసుకున్నవారి పేర్లు ఆయనకు చెప్పు. తరువాత కిటికీ తెరలు దించి, ఫోను ఆపి, నిండుగా నిద్రపో. సాయంత్రం లేచి ముఖం కడుక్కున్నప్పుడు నీకు తెల్లవారినట్టే. రోగుల దగ్గర మేలుకుని ఉన్న నీ రాత్రిని ఆయన చూశాడు. నీ నిద్రనూ చూస్తాడు.