కల్లు ఆగిన మూడో రోజు

రామన్నపేట చుట్టుపక్కల పల్లెల్లో తాడిచెట్టు నీడ పడని పొలం గట్టు అరుదు. మోకు, ముస్తాదు కట్టుకుని గౌడన్న దించిన లొట్టిలో నూటికి నాలుగైదు పాళ్ల ఆల్కహాలుంటుంది. ఆ కల్లు గురించి కాదు ఇక్కడ చెప్పేది. చెట్టు ముఖమే చూడని కల్లు ఒకటుంది. నీళ్లలో తీపి కలిపి, మత్తుకు క్లోరల్ హైడ్రేటో, డైజెపామో, అల్ప్రజోలామో వేస్తారు. పాలమూరు, నల్లగొండ, మెదక్, నిజామాబాద్ పల్లెల్లో ఏళ్ల తరబడి దానికి అలవాటుపడ్డవాళ్లున్నారు. ఏం తాగుతున్నదీ వాళ్లలో చాలామందికి తెలియదు.

అలా అలవాటుపడ్డ మనిషికి ఒకరోజు ఆ కల్లు దొరకదు. మొదటి రోజు చిరాకు, చెమట. రాత్రి కన్ను మూతపడదు. రెండో రోజు చాయ్ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నా తొణికి లుంగీ మీద పడుతుంది. మూడో రోజు మంచంలో కూర్చుని దుప్పటి మీద లేనిదాన్ని వేళ్లతో ఏరుతుంటాడు. "గోడ మీద చీమలు జూడే" అంటాడు. "ఏం చీమల్లేవయ్యా, పండుకో" అంటుంది భార్య. ఇరుగుపొరుగు గాలి సోకిందంటారు, లేదా తాగుబోతు వేషాలంటారు. రెండో మాట నాకు మరీ బాధ కలిగిస్తుంది. ఆ వేళ్లు ఆడుతున్నది అతని ఇష్టంతో కాదు.

ఆ తలలో ఏం జరుగుతోందో చూద్దాం. మెదడులో దాదాపు 8,600 కోట్ల నరకణాలు. ఒకదాని నుంచి ఇంకొకదానికి కబురు మోసేవి రసాయనాలు. ఎడ్లబండి తోలేవాడి ఒక చేతిలో ముల్లుకర్ర, ఇంకో చేతిలో పగ్గం ఉన్నట్టే మెదడుకూ రెండున్నాయి. నరకణాన్ని అదిలించేది గ్లూటమేట్, నిలవరించేది గాబా. నడక, మాట, కోపం, నిద్ర అన్నీ ఈ రెండింటి పొందిక మీద సాగుతాయి. నోటిదాకా వచ్చిన తిట్టును మింగేసుకోవడం కూడా పగ్గం పనే, నుదుటి వెనక భాగంలో జరుగుతుంది.

అల్ప్రజోలామ్, డైజెపామ్ గాబా చేతికి అదనపు బలమిస్తాయి. క్లోరల్ హైడ్రేట్ ఒంట్లోకి వెళ్లి మారాక అదే పని చేస్తుంది. ఆల్కహాలుదీ కొంతవరకు అదే దారి. మొదట్లో హాయిగా ఉంటుంది. కానీ మెదడు ఊరుకోదు. పగ్గాన్ని రోజూ ఎవరో బిగించి పట్టుకుంటుంటే తన చెయ్యి వదులు చేసుకుంటుంది, ముల్లుకర్ర ఇంకాస్త గట్టిగా ఆడిస్తుంది. నెలలు గడిచేసరికి ఆ మత్తు ఉంటేనే మనిషి మామూలుగా ఉంటాడు.

మత్తు ఒక్కసారిగా ఆగితే వదులైన పగ్గం, ఆగని ముల్లుకర్ర మిగులుతాయి. మన ప్రమేయం లేకుండా గుండెను, చెమటను నడిపే నరాలు రెచ్చిపోతాయి, అందుకే దడ, తడిసిన చొక్కా. చూపుకు సంబంధించిన భాగం తనంతట తాను ఉలిక్కిపడితే గోడ మీద చీమలు. కబుర్లన్నీ కట్ట తెగినట్టు ఒక్కసారి పారితే మూర్ఛ. అప్పుడు నాలుక కరుచుకుంటాడు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అల్ప్రజోలామ్ త్వరగా దిగిపోతుంది కాబట్టి బాధలు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతాయి. డైజెపామ్ రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. దాని బాధలు వారం తర్వాతా రావచ్చు, అప్పటికి ఇంట్లోవాళ్లు కల్లు సంగతే మరిచిపోయి ఉంటారు.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై ప్రభుత్వం కొరడా ఝళిపించినప్పుడు తెలంగాణ జిల్లాల్లో వందలమంది ఇవే లక్షణాలతో దవాఖానల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లూ మందూ బందయ్యాక ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో రద్దీ ఒక్కసారిగా పెరిగింది. కల్తీని అరికట్టాల్సిందే. కాకపోతే దుకాణం మూసే రోజునే ఆ ఊరి దవాఖానకు మందులు, మనుషులు చేరి ఉండాలి. ముందే తెలిసిన ఆపదకు ఆ మాత్రం ఏర్పాటు చేయకపోవడం అన్యాయం.

వైద్యం వింతగా అనిపించవచ్చు. వదిలించాల్సిన మత్తుకు దగ్గరి బంధువైన మందునే డాక్టరు లెక్కగా ఇస్తారు, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం తగ్గిస్తారు. ఆ వ్యవధిలో మెదడు తన పగ్గాన్ని తాను మళ్లీ బిగించుకుంటుంది. బాగా తాగినవారికి బీ1 విటమిన్ కూడా ఇస్తారు. వణుకు ముందు తగ్గుతుంది. నిద్ర కుదుటపడటానికి వారాలు పడుతుంది.

మనిషి తికమకపడుతున్నా, ఫిట్స్ వచ్చినా భూతవైద్యుడి దగ్గర పొద్దు పోగొట్టకుండా 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో చెంచా పెట్టకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మానేయాలనుకుంటున్నవారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. డాక్టరు దగ్గర సిగ్గుపడి దాచకండి. రోజుకు ఎన్ని సీసాలు తాగేవాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, అది చెట్టు కల్లా, కలిపిన కల్లా అన్నది చెప్పండి. మందు ఎంత ఇవ్వాలో ఆయన తేల్చుకునేది ఆ మాటలను బట్టే.