వాడిన చిన్న ట్రాక్టరును పరీక్షించి కొనువిధము

పట్టాదారులగు రైతులకు తెలియజేయునదేమనగా:

క్రొత్త యంత్రమునకు వలయు పెద్దమొత్తము వెచ్చింపజాలనివారు వాడిన చిన్న ట్రాక్టరును కొనుట యుక్తమే. కాని పరీక్షింపక కొన్న యంత్రము దుక్కి యదనున నిలిచిపోయినచో, ధనముతోబాటు ఆ కారు పంటయు చెడును. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడిపించి, కాడి కట్టి చూచునట్లే దీనిని గూడ చూడవలయును.

1. బలము. తోటల వరుసల నడుమ దున్నుటకును, మందు చల్లుటకును 15 మొదలు 25 అశ్వశక్తులు చాలును. నల్లరేగడిలో లోతుదుక్కికి ఇది చాలదు. తరి భూమిలో దమ్ము చేయువారు నాలుగు చక్రములకును శక్తి నందించు దానిని కోరుట మేలు. ఇంజనులోని బలమంతయు వెనుకనున్న పి.టి.ఓ. కడ్డీకి చేరదు; రోటవేటరు కట్టువారు ఆ కడ్డీ వద్ద లభించు బలమునే విచారింపవలయును. మధ్యప్రదేశమునందలి బుధ్నీలో 1955లో స్థాపింపబడిన కేంద్రసంస్థవారి పరీక్షా నివేదికలలో ఈ లెక్కలుండును.

2. ఇంజను. ఉదయమున, ఇంజను చల్లగా నున్నప్పుడే పోయి చూడవలయును. మీరు పోవుసరికే అది వేడిగా నున్నచో, మరియొక దినమున రండు. కొలపుల్లకు అంటిన నూనె పాలవలె తెల్లబారియున్నచో అందు నీరు చేరినదని యెరుగునది. కదలించిన క్షణమున కొద్దిపాటి పొగ సహజము. నల్లపొగ విడువకున్నచో గాలిజల్లెడ మూసికొనిపోవుటయో, డీజిలు మితిమీరుటయో కారణము. ఇది తరచుగా స్వల్పవ్యయముతో బాగగును. నీలిపొగ విడువకున్నచో కందెననూనె కాలుచున్నదని యర్థము, ఇంజను విప్పవలసివచ్చును. మొదటిదానికి ధర తగ్గింపుమని యడుగవచ్చును. రెండవదానిని విడుచుట మేలు.

3. తక్కిన భాగములు. బరువు కట్టి మెరకమీద పై గేరులో నడుపుడు. ఇంజను వేగము హెచ్చియు బండి వేగము హెచ్చనిచో క్లచ్చి జారుచున్నది. పనిముట్టును హైడ్రాలికుతో పైకెత్తి ఇంజను నాపుడు. అది వెంటనే క్రిందికి దిగినచో లోపల నూనె కారుచున్నది. ఇట్లు పరీక్షించునపుడు దాని క్రింద ఎవరును ఉండరాదు. గంటల మీటరునే నమ్మక, తొక్కుడు పలకల యరుగుదలను, ముందు ఇరుసు ఊగులాటను గమనింపుడు. దమ్ములో వాడిన బండియైనచో ఇరుసుల కొనలయందు బురద, నూనె కారిన జాడలు వెదకుడు.

4. దస్తావేజులు. ఇంజనుమీదను, చట్రముమీదను గల సంఖ్యలు రిజిస్ట్రేషను పత్రముతో సరిపోవలయును. ఆ పత్రమున బ్యాంకు తాకట్టు వ్రాయబడియున్నచో, ఋణము తీరినట్లు బ్యాంకువారి పత్రమును, 35వ నమూనాను చేతబట్టుకొనక పూర్తి సొమ్ము చెల్లింపరాదు. అట్లు చెల్లించినచో, అమ్మినవాని బాకీకై మీ యింటి ముంగిట నుండియే బండి పోవచ్చును. 29, 30 నమూనాలపై సంతకములు చేయించుకొని, 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి 30 దినములలోగా పేరు మార్పించుకొనవలయును. భీమా గూడ మీ పేరిటికి మారవలయును.

కడపట, ధరకు టైరుల వెలను, మరమ్మతు వ్యయమును కలిపి లెక్కించి, విడిభాగములు సమీప పట్టణమున దొరకునో లేదో విచారించి, పిదపనే బయానా నిచ్చునది.