చెరకు పిప్పి నుండి ఆవిరి, ఆవిరి నుండి విద్యుచ్ఛక్తి

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి.నగరు వరకు గల రహదారి మీరెరుగనిది కాదు. సూర్యాపేట, ఖమ్మము, విజయవాడ బస్సుల కొరకు ఎల్.బి.నగరు కూడలిలో ఎండకు నిలిచి, ప్రక్కనున్న బండి వద్ద ఒక గ్లాసు చెరకు రసము త్రాగియే యుందురు. బండివాడు గడను మడిచి మూడు నాలుగు మార్లు గానుగలో దూర్చి పిండును. రసము మనకు, పిప్పి గోనెసంచికి. ప్రొద్దు గ్రుంకు సరికి ఆ సంచులు నిండి చెత్తకుప్పకు చేరును.

ఆ చెత్తకుప్పలో పడినది ఇంధనము. మీరు ఫ్యాక్టరీకి తోలు ప్రతి చెరకు బండిలోను ఈ ఇంధనము ఉన్నది. దాని వెల ఎంత, ఆ వెలలో మీ పాలు ఎంత అనునది తెలిసికొనదగిన విషయము.

ఒక టన్ను చెరకును ఫ్యాక్టరీలో ఆడించినచో సుమారు 300 కిలోల పిప్పి మిగులును. అందులో సగము నీరే. అంత తడిగా ఉన్నను అది బాయిలరులో చక్కగా మండును. రెండు, రెండున్నర కిలోల తడి పిప్పి సుమారు ఒక కిలో నేలబొగ్గుతో సమానమైన వేడినిచ్చును. ఎకరమునకు 30 టన్నుల చెరకు పండించు రైతు, చక్కెరతో పాటు నాలుగు టన్నుల బొగ్గుకు సరిపడు ఇంధనమును కూడ పండించుచున్నాడన్న మాట.

ఈ వేడితో విద్యుచ్ఛక్తి తీయు విధమును అర్థము చేసికొనుటకు ఎల్.బి.నగరు నుండి బయలుదేరు సాగరు రోడ్డునే పట్టుకొని పోదము. నాగార్జునసాగరు జలాశయపు నీరు కుడి, ఎడమ కాలువలలో ప్రవేశించు చోట విద్యుత్కేంద్రములు ఉన్నవి. ఎత్తు నుండి దిగు నీరు మొదట చక్రమును త్రిప్పును. త్రిప్పినంత మాత్రమున నీరు తరిగిపోదు. అదే నీరు కాలువ వెంట పోయి పొలమును తడుపును. ఒకే నీటితో రెండు పనులు జరిగినవి. ఆవిరితోను ఇట్లే చేయవచ్చును. బాయిలరులో పుట్టిన ఆవిరి అధికమైన ఒత్తిడితో వచ్చి టర్బైను చక్రమును త్రిప్పి విద్యుచ్ఛక్తినిచ్చును. ఒత్తిడి తగ్గి బయటకు వచ్చిన ఆవిరిలో ఇంకను ఎంతో వేడి మిగిలియుండును. ఆ ఆవిరిని గొట్టముల ద్వారా రసపు తొట్లకు పంపినచో రసము కాగి, చిక్కబడి, చక్కెర అగును. దీనినే ఉష్ణ విద్యుత్ సహోత్పత్తి అందురు. మన వాడుకలో కోజెనరేషను.

సాధారణమైన బొగ్గు విద్యుత్కేంద్రములో వంద పాళ్ళ వేడికి సుమారు 35 పాళ్ళే విద్యుచ్ఛక్తి అగును. తక్కినది పొగగొట్టము నుండియు, చల్లబరచు గోపురముల నుండియు ఆకాశము పాలగును. ఆవిరి వేడిని కూడ ఉపయోగములోనికి తెచ్చు చోట వందకు 70, 80 పాళ్ళ వరకు పనికి వచ్చును. రసములో అధిక భాగము నీరు. ఆ నీటిని ఆవిరి చేయవలసిన చక్కెర ఫ్యాక్టరీ కంటె ఈ పద్ధతికి తగిన స్థలము మరియొకటి కనబడదు.

మరి చక్కెర ఫ్యాక్టరీలు పూర్వము నుండి పిప్పినే కాల్చుచుండగా, ఇందులో క్రొత్త ఏమని మీరడుగవచ్చును. పాత బాయిలర్లు కావలెనని ఇంధనమును వృథా చేసెడివి. పిప్పిని ఎక్కడ పారబోయవలెనో తెలియక, ఎంత ఎక్కువ కాలిన అంత మేలని కట్టిన బాయిలర్లవి! మన చుట్టునున్న గాలి ఒత్తిడికి ఇరువది రెట్లు ఒత్తిడి గల ఆవిరితో ఫ్యాక్టరీ తన పని తాను చూచుకొనుటకే సరిపోవును. అదే పిప్పితో ఎనుబది రెట్లకు పైబడిన ఒత్తిడి గల ఆవిరిని పుట్టించినచో, ఫ్యాక్టరీ అవసరములు తీరి, టన్ను చెరకుకు వంద యూనిట్లు, అంతకు పైన కూడ బయటకు అమ్మవచ్చును. అనగా ఎకరపు చెరకు నుండి మూడు వేల యూనిట్లు. నెలకు వంద యూనిట్లు వాడు ఇంటికి రెండున్నర సంవత్సరముల కరెంటు అది.

ఈ పనిని ఒక దేశమే పూని చేసి చూపినది. హిందూ మహాసముద్రములోని మారిషస్ దేశపు మొత్తము వైశాల్యము సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. నేటి రంగారెడ్డి జిల్లాలో సగము కూడ లేదు. అచ్చట బొగ్గు గనులు లేవు, చమురు బావులు లేవు. ఉన్నది చెరకు. 1834 నుండి ఆ తోటలలో పని చేయుటకు మన దేశమునుండి కూలీలను ఓడలలో కొనిపోయిరి. గోదావరి ముఖమున గల కోరంగి రేవు నుండి పోయిన తెలుగువారికి అచ్చట కోరంగీలను పేరు నిలిచిపోయినది. వారి సంతతివారు నేటికిని ఉగాది పండుగను జరుపుకొందురు. అది ఆ దేశములో ప్రభుత్వ సెలవు దినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగినవి. ఇంతకు చెప్పవచ్చినదేమనగా, ఆ పిప్పి కథలో మనవారి చెమట కూడ ఉన్నది.

1957లో సెయింట్ ఆంటొయిన్ చక్కెర ఫ్యాక్టరీ తన అవసరమునకు మిగిలిన కొద్దిపాటి కరెంటును దీవి విద్యుత్తు తీగెలకు ఇచ్చుటతో అచ్చట పని మొదలైనది. కాని ఆ కరెంటు పిప్పి ఉన్నన్నాళ్ళే వచ్చెడిది. అచ్చట చెరకు ఆడించునది జూన్ నుండి డిసెంబరు వరకు మాత్రమే. సంవత్సరములో సగము దినములు నిలిచిపోవు కరెంటును ఎవరు నమ్ముదురు? ఈ చిక్కును 1980 దశకములో ఫ్లాక్ ప్రాంతపు ఫ్యాక్టరీ విడదీసినది. సీజనులో పిప్పిని, సీజను లేనప్పుడు దిగుమతి బొగ్గును ఒకే బాయిలరులో కాల్చు ఏర్పాటు చేసిరి. 1991లో ప్రభుత్వము పిప్పి విద్యుత్తు కొరకు ప్రత్యేక కార్యక్రమమును చేపట్టినది. 2000లో బెల్‌వ్యూ వద్ద 82 బార్ల ఒత్తిడి గల బాయిలర్లతో 35 మెగావాట్ల యంత్రములు రెండు నెలకొల్పిరి. 2007లో దక్షిణమున సవన్నా వద్ద మరియొక పెద్ద కేంద్రము వచ్చినది. 2010 దశకములో ఆ దేశపు విద్యుత్తులో సుమారు ఆరవ వంతు పిప్పి నుండియే లభించినది.

బొగ్గు సంగతి దాచవలసిన పని లేదు. సీజను లేని నెలలలో ఈ కేంద్రములు మామూలు బొగ్గు కేంద్రములే. ఆవిరి వేడి అప్పుడు రసపు తొట్లకు చేరదు, గాలిలో కలిసిపోవును. పిప్పి పేరు చెప్పి కట్టిన కేంద్రములో బొగ్గు పాలు పెరిగిపోయెనన్న విమర్శ అచ్చట ఉన్నది. అది త్రోసివేయదగినది కాదు.

మనకు అన్నిటి కంటె ముఖ్యమైనది చిన్న రైతు సంగతి. ఆ దేశములో తోలిన చెరకు నుండి వచ్చిన చక్కెరలో 78 శాతము రైతుది, 22 శాతము మిల్లుది అను పంపకము చిరకాలముగా నడచినది. కాని పిప్పి ఎవరిది? చెరకు రైతుదైనప్పుడు పిప్పి మాత్రము మిల్లుదెట్లగునని రైతులు వాదించిరి. 1985లో పిప్పి ధర కొరకు ఒక నిధిని ఏర్పరచిరి. 1994లో చక్కెర పెట్టుబడుల ట్రస్టును స్థాపించి రైతులను, కార్మికులను అందులో వాటాదారులను చేసిరి. ఆ ట్రస్టుకు మిల్లులలోను, విద్యుత్కేంద్రములలోను వాటాలు వచ్చినవి. అయినను చేతికందు పైకము స్వల్పమని రైతులు చాల కాలము మొరపెట్టుకొనిరి. ఇంతలో 2006 నుండి 2009 వరకు ఐరోపా సమాఖ్య చక్కెర ధరను 36 శాతము తగ్గించుటతో చిన్న రైతులనేకులు చెరకు మానివేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన 1968లో ఇరువదికి పైగా ఉన్న ఫ్యాక్టరీలు నేడు మూడే. చెరకు తగ్గిన పిప్పి తగ్గును, పిప్పి తగ్గిన కరెంటు తగ్గును. ఇది గ్రహించియే ప్రభుత్వము 2021లో రైతుకిచ్చు పిప్పి ధరను బాగుగా పెంచినది. ముందే పెంచియున్నచో ఎన్ని తోటలు నిలిచియుండెడివో!

ఇక మన సంగతి చూతము. 1937లో బోధనులో స్థాపింపబడి ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీలలో ఒకటిగా పేరు పొందిన నిజాము షుగర్సు 2015లో మూతపడినది. అయినను సంగారెడ్డి, కామారెడ్డి, ఖమ్మము ప్రాంతములలో చెరకు సాగు నిలిచియున్నది. దేశము మొత్తము మీద పిప్పి నుండి తీయు విద్యుచ్ఛక్తి సామర్థ్యము 7,000 మెగావాట్లను మించినది. అందుచేత పిప్పి ఎవరిదను ప్రశ్న మన ఇంటి ప్రశ్న కూడ అయినది.

1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వును 2008లో సవరించి, చెరకు ధర నిర్ణయించునప్పుడు పిప్పి, మొలాసిస్, ప్రెస్‌మడ్డు విలువను కూడ లెక్కలోనికి తీసికొనవలెనని చేర్చిరి. 2025–26 సీజనుకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన ధర, 10.25 శాతము చక్కెర దిగుబడికి, క్వింటాలుకు 355 రూపాయలు. పిప్పి విలువ ఇందులో కలిసియున్నదేగాని విడిగా కనబడదు. 2012లో శ్రీ సి. రంగరాజన్ గారి సంఘము చక్కెర మీదను, ఉపఉత్పత్తుల మీదను వచ్చు రాబడిలో 70 శాతము రైతుకు చెందవలెనని సిఫారసు చేసినది. రాబడి పంపకమునకు వీలు కల్పించు చట్టములను కర్ణాటక, మహారాష్ట్రములు 2013లో చేసికొన్నవి. చెరకు రైతుల సమావేశములలో ఈ సంగతి వచ్చినప్పుడు, టన్నుకు ధర ఎంత అని మాత్రము అడిగి ఊరకుండక, ఫ్యాక్టరీ ఎన్ని యూనిట్లు అమ్మినదను లెక్కను కూడ అడుగుడు. గ్రామ ఉద్యోగులు ఈ ఉత్తర్వుల ప్రతులను తెప్పించి రైతులకు చదివి వినిపించినచో మేలు.

రైతు వంతు పని కూడ కొంత ఉన్నది. మట్టి, వేళ్ళు, పచ్చి మోవులు అంటుకొని వచ్చిన చెరకు వలన రసము చెడును, బాయిలరులో బూడిద పేరుకొనును. తూకములో కోత మీకే తగులును. ఎండుటాకును మాత్రము అంతయు ఫ్యాక్టరీకి పంపనక్కరలేదు. ఎకరమునకు ఒకటింబావు టన్ను చొప్పున చాళ్ళలో పరచినచో తేమ నిలుచును, కలుపు తగ్గును. పొలములోనే నిప్పు పెట్టుట అన్నిటి కంటె చెడ్డది. ఇంధనమును, ఎరువును రెంటిని ఒక్క పూటలో పోగొట్టుకొందురు.

ఫ్యాక్టరీకి తోలక బెల్లము వండు రైతులకు టర్బైనుతో పని లేదు. కాని వేడిని రెండు మార్లు వాడుకొను కిటుకు వారికి కూడ పనికి వచ్చును. ఒకే పెనము గల పొయ్యిలో మంట పెనము అడుగును తాకి నేరుగా పొగగొట్టములోనికి పోవును. ఆ పోవు పొగలో చాల వేడి వృథా అగును. పొయ్యికిని పొగగొట్టమునకును నడుమ పొగదారి మీద రెండవ పెనము నెక్కించి, తరువాతి వాయికి కావలసిన పచ్చి రసమును అందులో పోయుడు. మొదటి పెనములో బెల్లము దిగు సరికి రెండవ పెనములో రసము కాగి మడ్డి తేలియుండును. వాయి త్వరగా దిగును, పిప్పి మిగులును. కట్టెలు కొని వండుచున్నవారికి ఆ ఖర్చు తగ్గును. అనకాపల్లిలో 1913లో స్థాపించిన పరిశోధనా స్థానము చెరకు, బెల్లముల మీద పని చేయుచున్నది. పొయ్యి కట్టుటకు ముందు అచ్చటివారి సలహా గాని, మీ మండల వ్యవసాయాధికారి సలహా గాని పొందుడు.

పిప్పిని గానుగ నుండి తీసిన వెంటనే పొయ్యిలో పెట్టవద్దు. నాలుగైదు దినములు ఎండలో పలుచగా పరచి, తిరుగవేసి, పెళపెళలాడు వరకు ఎండనిండు. కుప్పను పొయ్యికి గాలివాలున వేయరాదు, నిప్పురవ్వ ఎగిరిపడును. పొయ్యిలో ఇనుప చువ్వల జాలి అమర్చి, దాని క్రింద నుండి గాలి ఆడునట్లు చూచుకొని, పిప్పిని పిడికెడు పిడికెడుగా ఎడతెగక వేయుచుండుడు. పొగగొట్టము నుండి నల్లని పొగ వచ్చుచున్నచో గాలి చాలుట లేదని తెలిసికొని, మరల పిప్పి వేయక మునుపు జాలి క్రింది బూడిదను లాగివేయుడు.