జోడీ ఉంటేనే ఇలాకా

ముందు ముఖాన్ని పొదకేసి రుద్దుతుంది. తర్వాత వెనక్కి తిరిగి, తోక పైకెత్తి, ఆకులన్నీ తడిసేలా మూత్రం చిమ్ముతుంది. వెనక కాళ్లతో నేల గీరి, నాలుగడుగులు వేసి గర్జిస్తుంది. గుజరాత్‌లోని గిర్ అడవిలో మగసింహం రాత్రి గస్తీ ఇలా ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి ఆ గర్జన 8 కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. అది ముఖ్యంగా చేరాల్సింది చుట్టుపక్కల నక్కి తిరిగే కొదమసింహాల చెవికే.

మూడేళ్లు వచ్చేసరికి కొదమకు పుట్టినచోట నూకలు చెల్లుతాయి. జూలు ఒత్తవుతున్నకొద్దీ పెద్ద మగసింహాలకు కంట్లో నలుసవుతుంది. అక్కణ్నుంచి దిమ్మరి బతుకే. ఎవరి హద్దులోనో దొంగచాటుగా వేటాడాలి, గొంతు విప్పకుండా తిరగాలి. టీవీలో చూపించే భీకర పోరాటాలు నిజానికి అరుదు. పంజా దెబ్బకు కాలు పోతే వేట పోతుంది, వేట పోతే ప్రాణమే పోతుంది. అందుకే కొదమ మొదట నేర్చేది కాలు దువ్వడం కాదు, తప్పుకోవడం.

తప్పుకుంటూనే తోడు వెతుక్కుంటుంది. తోబుట్టువు ఉంటే సరే, లేకుంటే దారిలో కలిసిన పరాయిదైనా పర్వాలేదు. గిర్‌లో ఎక్కువగా కనిపించేవి జోడీలే. వాటిని ఏళ్ల తరబడి వెంబడించిన స్తోత్ర చక్రబర్తి, వై.వి. ఝాలా 2017లో ప్రచురించిన పరిశోధన ఈ స్నేహం గుట్టు విప్పింది. జోడీలో పెత్తనం ఒకదానిదే. జతకట్టే అవకాశాల్లో 70 శాతానికి పైగా దానికే, వేటలోనూ పెద్ద వాటా దానిదే. మరి రెండోది ఎందుకు సర్దుకుపోతుంది? ఒంటరిగా ఉంటే ఆ మాత్రం కూడా దక్కదు కాబట్టి. ఉమ్మడి దుకాణంలో చిన్న వాటాదారు పరిస్థితే దానిదీ.

బలం కుదిరాక పాత కాపుల మీద పడతాయి. గెలిస్తే మొదట చేసే పని ఘోరమైనదే: పాతవాటికి పుట్టిన కూనల్ని చంపేస్తాయి. కూనలుంటే తల్లి రెండేళ్ల దాకా ఎదకు రాదు, పోతే కొద్ది వారాల్లోనే వస్తుంది. ఇలాకా ఎన్నాళ్లు చేతిలో ఉంటుందో తెలియని మగసింహానికి అంత ఓపిక ఉండదు. ఆడసింహాలూ తక్కువ తినలేదు. గిర్‌లో మగవి, ఆడవి వేర్వేరుగా తిరుగుతాయి. ఆ వీలు చూసుకుని ఆడవి పక్క హద్దుల్లోని ప్రత్యర్థి జోడీలతోనూ కలుస్తాయి. ఈ కూన నాదే కావచ్చన్న అనుమానం ఉంటే ఏ మగసింహమూ దాని జోలికి పోదు. నన్నడిగితే ఈ పోటీలో అసలు తెలివి ఆడవాటిదే.

పోటీపడే సింహాల సంఖ్యా పెరుగుతోంది. గుజరాత్‌లో 2020లో 674 ఉన్న సింహాలు 2025 లెక్కకు 891 అయ్యాయి. సగానికి పైగా గిర్ అభయారణ్యం వెలుపలే ఉన్నాయి. చోటు వెతుక్కునే సింహాలు మామిడి తోటలు, పొలాల మీదుగా నడుస్తాయి. పిట్టగోడ లేని వ్యవసాయ బావుల్లో పడి చనిపోయినవీ ఉన్నాయి. అటవీశాఖ వేల బావులకు గోడలు కట్టించింది.

2023 జనవరిలో ఒక మగసింహం తనంతట తానే పోర్‌బందర్ దగ్గరి బర్డా అభయారణ్యానికి చేరింది. 1879 తర్వాత అక్కడ సింహం కనిపించడం అదే మొదలు. 2025 నాటికి అక్కడ 17 సింహాలు, వాటిలో 11 కూనలు. బర్డా విస్తీర్ణం 192 చదరపు కిలోమీటర్లే. ఈ కూనల్లో మగవాటికి మూడేళ్లు నిండితే అక్కడా హద్దుల తగాదా మొదలవుతుంది.