పందికొక్కు పేరు ప్రపంచమెక్కింది

ఇంగ్లీషు నిఘంటువులో 'బాండికూట్' మాట తీసి చూడండి. దాని పుట్టుక దగ్గర తెలుగు 'పందికొక్కు' కనిపిస్తుంది. యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 1886లోనే దీన్ని తెలుగు మాటగా గుర్తించింది.

ఆ పేరులో రైతు పరిశీలన ఉంది. ఈ పెద్ద ఎలుక ఒంటిమీద వెంట్రుకలు బిరుసుగా ఉంటాయి. బెదిరిస్తే పందిలా గుర్రుమంటుంది. నేలను తవ్వి బొరియలు చేస్తుంది. ఇందులో చిన్న రకం వరి కంకులు కొరికి బొరియల్లో పోగేసుకుంటుంది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి 'బాండికోటా' అని పేరు పెట్టడంతో మన పల్లె మాట జీవశాస్త్రంలోకీ చేరింది.

అంతకుముందే ఆ పేరు సముద్రం దాటింది. 1799లో జార్జ్ బాస్ అనే అన్వేషకుడు ఆస్ట్రేలియాలోని ఒక పొడుగు ముక్కు జంతువును బాండికూట్ అన్నాడు. పోలిక పైపైనే. పందికొక్కు కొరికే పళ్ళున్న ఎలుక జాతిది. ఆస్ట్రేలియా జంతువు కంగారూలా పిల్లల్ని కడుపు సంచిలో పెంచుకునేది. ఈ రెండు వంశాలూ విడిపోయి పది కోట్ల ఏళ్ళు దాటింది. ఆస్ట్రేలియా బాండికూట్ల గర్భకాలం సుమారు పన్నెండు రోజులే. క్షీరదాల్లో అతి తక్కువ గర్భకాలం ఉన్నవాటిలో ఇవీ ఉన్నాయి. సంచి నోరు వెనక్కి తెరుచుకుంటుంది కాబట్టి తల్లి తవ్వేటప్పుడు మన్ను పిల్లల మీద పడదు. పురుగుల కోసం, దుంపల కోసం ఇవి తవ్వే గుంతల వల్ల నేల గుల్లబారి నీటిని పీల్చుకుంటుంది.

ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ఈ మాట క్రియాపదం కూడా అయింది. పైన ఆకులు కదలకుండా కింద బంగాళదుంపలు దొంగిలించడాన్ని బాండికూట్ చేయడం అంటారు. 1996లో వచ్చిన 'క్రాష్ బాండికూట్' వీడియో గేమ్ ఈ పేరును పిల్లలందరికీ పరిచయం చేసింది.

పేరు ఒకటే అయినా రెండింటి బతుకులూ వేరు. ఇక్కడ పందికొక్కు పంటకు చేటు. అక్కడ నక్కలు, పిల్లుల దెబ్బకు కొన్ని బాండికూట్లు అంతరించిపోయాయి. విక్టోరియా రాష్ట్రంలో అడవిలో లేకుండా పోయిన చారల బాండికూట్‌ను కంచెలు కట్టి, నక్కలు లేని దీవుల్లో వదిలి పెంచారు. 2021లో దాన్ని 'అడవిలో అంతరించినవి' జాబితా నుంచి తీసేశారు.

మన రైతులు పురుగులకు, పిట్టలకు పెట్టుకున్న పేర్లలో ఇలాంటి పరిశీలనలు ఇంకా ఎన్నో ఉన్నాయి. మీ ఊరి పెద్దలను అడిగి, ఆ పేర్లతోపాటు అవి ఎందుకు వచ్చాయో కూడా రాసిపెట్టండి.