స్కూటర్ బ్యాటరీలో మండేది ఏంటి? దాని బదులు ప్లాస్టిక్ పొర ఎప్పుడు వస్తుంది?

ఇషా నమాజు అయ్యాక స్కూటర్‌ని చార్జింగ్‌కి పెట్టి, ఫజర్ వేళకు ప్లగ్ తీసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇలాగే రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి, 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. మరుసటి నెలలో కరీంనగర్ జిల్లా రామడుగు మండలంలోనూ చార్జింగ్‌లో ఉన్న స్కూటర్ పేలింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లోని ఓ ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. ఆ పొగ పైనున్న లాడ్జిని కమ్మేయడంతో 8 మంది ప్రాణాలు పోయాయి.

ఆ తర్వాత కేంద్రం ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలను రెండు దశల్లో కఠినం చేసింది. అయితే అసలు చిక్కు బ్యాటరీ లోపలి ద్రవంలోనే ఉంది.

లోపల ఏం జరుగుతుంది?

లిథియం సెల్‌లో ప్లస్ వైపు ఒకటి, మైనస్ వైపు ఒకటి రెండు పలకలు ఉంటాయి. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక పలక నుంచి రెండో దానికి వెళ్తాయి, బండి నడిపినప్పుడు తిరిగి వస్తాయి. అవి ప్రయాణించే దారినే ఎలక్ట్రోలైట్ అంటారు. ఇప్పటి స్కూటర్లు, ఫోన్లలో అది లిథియం లవణం కరిగించిన ద్రవం. ఆ ద్రవం తేలిగ్గా ఆవిరవుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. సెల్ లోపల షార్ట్ అయి వేడి పెరిగితే ఒక సెల్ నుంచి పక్క సెల్‌కి మంట పాకుతుంది. అందుకే అంత త్వరగా ఆరదు.

ద్రవం బదులు ప్లాస్టిక్

కొన్ని ప్లాస్టిక్‌లలో లవణం కలిపితే అయాన్లు కదులుతాయని 1973లో బ్రిటన్‌లో పీటర్ రైట్ బృందం చూపింది. దీన్ని బ్యాటరీలకు వాడొచ్చని 1978లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మిషెల్ అర్మాండ్ చెప్పారు. ఈ పనిలో మన ఉస్మానియా యూనివర్సిటీకీ భాగం ఉంది. పాలీఇథిలిన్ ఆక్సైడ్ అనే పాలిమర్‌లో సోడియం నైట్రేట్ కలిపి పల్చటి పొర చేసి, దానితో సెల్ తయారు చేసిన ప్రయోగాన్ని అక్కడి ఫిజిక్స్ విభాగం పరిశోధకులు 1999లో ప్రచురించారు.

చిక్కెక్కడంటే, ఈ పాలిమర్ సుమారు 65 డిగ్రీల లోపు బిగుసుకుపోతుంది. దాని గొలుసులు కదిలితేనే అయాన్లు ముందుకు జరుగుతాయి. పారిస్‌లో 2011 నుంచి 2018 దాకా అద్దెకు తిరిగిన చిన్న కార్లలో ఇలాంటి బ్యాటరీలే ఉండేవి. వాటిని ఎప్పుడూ వేడిగా ఉంచాల్సి వచ్చేది. మన ఆదిలాబాద్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, చలికాలం రాత్రి 5 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. రెండిటికీ తట్టుకునే బ్యాటరీ కావాలి.

కరిగిన ఉప్పు

ఇక్కడే అయానిక్ ద్రవాలు పనికొస్తాయి. వంటింటి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల వేడి కావాలి. అయానిక్ ద్రవాలు కూడా లవణాలే, కానీ వీటిలో చాలావరకు గది వేడికే ద్రవంగా ఉంటాయి. దాదాపు ఆవిరి కావు, సులువుగా అంటుకోవు. చపాతీ పిండిలో నూనె వేస్తే మెత్తబడినట్టు, వీటిని కలిపితే పాలిమర్ పొర మెత్తబడి అయాన్లకు దారిస్తుంది. 2003లో ఇటలీకి చెందిన స్టెఫానో పాసెరిని, సహచరులు ఇలా చేసి, 20 డిగ్రీల దగ్గరే అయాన్ల కదలిక బాగా పెరిగిందని చూపారు.

ఇంకా ఎందుకు రాలేదు?

మొదటిది ధర. ఈ లవణాలు మామూలు ద్రవం కంటే చాలా ఖరీదు. రెండోది, ఎక్కువ కలిపితే పొర బలం తగ్గుతుంది. మూడోది, అయానిక్ ద్రవంలోని సొంత అయాన్లు కూడా కదులుతాయి కాబట్టి పనికొచ్చే లిథియం వాటా తగ్గుతుంది. పాలిమర్ ఉన్నంత మాత్రాన ప్రమాదం ఉండదనీ కాదు. 2022 ఏప్రిల్‌లోనే పారిస్‌లో పాలిమర్ బ్యాటరీ బస్సులు రెండు తగలబడ్డాయి, ముందుజాగ్రత్తగా 149 బస్సులను ఆపేశారు.

కొనేవాళ్లు, వాడేవాళ్లు

ఎవరైనా ‘సాలిడ్ స్టేట్ బ్యాటరీ’ అని చెప్పి అమ్మితే రాతపూర్వకంగా అడగండి. ‘లిథియం పాలిమర్’ అని రాసి ఉన్నా లోపల సాధారణంగా ద్రవం పీల్చుకున్న జెల్లే ఉంటుంది. ఎల్ఎఫ్‌పీ రకం బ్యాటరీ వేడికి కాస్త ఎక్కువ తట్టుకుంటుంది, కానీ అందులోనూ ద్రవమే ఉంటుంది.

అందుకే పడకగదిలో, మెట్ల కింద, బయటికి వెళ్లే గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టొద్దు. ఎండలో తిరిగొచ్చిన బండిని చల్లారనివ్వండి. కంపెనీ చార్జరే వాడండి. బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా వాడకం ఆపి సర్వీస్ సెంటర్‌కి చెప్పండి. ఇషా తర్వాత కాకుండా, మగ్రిబ్‌కి ముందే ఇంట్లో అందరూ మెలకువగా ఉన్నప్పుడు చార్జింగ్ పెడితే పొగ వచ్చినా వెంటనే తెలుస్తుంది.