వార్త పంపు యంత్రములు – రైతు చేయవలసిన బేరము



నల్లగొండ, మహబూబునగరు ప్రాంతపు గ్రామములలో పూర్వము నాగలి చెడినపుడు రైతు రొక్కము పట్టుకొని అంగడికి పోయెడివాడు కాడు. ఊరి వడ్రంగియు కమ్మరియు నాగలికి ఇంత చొప్పున కల్లములో ధాన్యము మేరగా పుచ్చుకొని, సంవత్సరము పొడుగునను కర్రు కాచి సాగగొట్టుచు, మేడి సరిచేయుచు ఉండిరి. రైతు ఇచ్చిన మేర ఇనుమునకు, కొయ్యకు వెల కాదు. నాగలి నడచుచుండునను భరోసాకు వెల.

నేడు గొప్ప యంత్ర నిర్మాతలు కొందరు దాదాపు ఆ పద్ధతికే వచ్చుచున్నారు. కమ్మరి నాగలిని కంట చూచి దాని స్థితి తెలిసికొనెడివాడు. కంపెనీవారు వందల మైళ్ల దూరమున కూర్చుండి, యంత్రము తానే పంపు వార్తలను బట్టి తెలిసికొందురు. ఇందు రైతునకు లాభమెంత, చిక్కు ఎంత అను సంగతిని విచారింతము.

యంత్రము వార్త పంపు విధము

బోరుబావి మోటారును ఉదాహరణముగా తీసికొందము. దాని స్టార్టరు పెట్టెలో సిమ్ముకార్డు గల చిన్న పరికరము నమర్తురు. మోటారు ఎంత కరెంటు లాగుచున్నదో, మూడు ఫేజులును సరిగా వచ్చుచున్నవో లేదో అది కొలుచుచుండును. బోరులో నీరు అడుగంటినచో మోటారుపై బరువు తగ్గి కరెంటు తగ్గును; బేరింగు పట్టివేసినచో కరెంటు పెరుగును. పరికరము ఈ మార్పును గ్రహించి మోటారు నాపి, రైతు ఫోనునకును, ఏర్పాటున్నచో కంపెనీకిని వార్త పంపును. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ గారి ‘నానో గణేశ్’ ఫోను ద్వారా పంపును నడపుటకు ఏర్పడిన సాధనము. పాలు చల్లబరచు తొట్టిలోని వేడిమిని, ట్రాక్టరు నడచిన గంటలను తెలుపు పరికరములును ఈ జాతివే.

పూర్వము యంత్రము అమ్ముడుపోయిన దినముననే నిర్మాతకు రాబడి ముగిసెడిది. వార్త వచ్చుచున్నంత కాలము ఇప్పుడు రాబడియు వచ్చుచుండును. కావుననే బేరము తీరు మారినది.

నాలుగు విధముల బేరము

మొదటిది, అమ్మకమును ఏటి రుసుమును. యంత్రము రైతుదగును, వార్తల సేవకు మాత్రము ఏటేటా సొమ్ము చెల్లింపవలెను.

రెండవది, పనికి కిరాయి. యంత్రము కంపెనీదే, రైతు గంటకో, ఎకరమునకో ఇంత అని ఇచ్చును. వరికోత యంత్రమునకు గంట లెక్కన కిరాయి ఇచ్చు మనకిది క్రొత్త కాదు. 1962లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ విమానపు ఇంజనులకు ఎగిరిన గంటకు ఇంత అని పుచ్చుకొని, బాగోగుల భారము తానే వహించెను. మన దేశమున మహీంద్రా కంపెనీ 2016లో కర్ణాటకమున ‘ట్రింగో’ అను పేర ట్రాక్టర్లను కిరాయికిచ్చు వ్యాపారము నారంభించెను.

మూడవది, పూచీతో అమ్మకము. కేంద్ర ప్రభుత్వము 2019లో ఆరంభించిన పి.ఎం. కుసుమ్ పథకపు సౌర పంపులు ఇందుకు తగిన ఉదాహరణము. వాని పనితీరును దూరమునుండి గమనించు ఏర్పాటు ఉండవలెననియు, సరఫరా చేసినవారే 5 సంవత్సరములు బాగోగులు చూడవలెననియు అందు నిబంధనలు కలవు.

నాలుగవది, వార్తనే సరుకు చేయుట. ఏ రైతు మోటారు ఎన్ని గంటలు నడచినది, ఎవరి బోరు ఎండినది అను సంగతులు అప్పిచ్చువారికిని, బీమావారికిని, విడిభాగములు అమ్మువారికిని పనికివచ్చును. యంత్రము చౌకగా ఇచ్చుచున్నామని చెప్పినపుడు ఈ నాలుగవ బేరము చాటున ఉన్నదేమో అడిగి తెలిసికొనవలెను.

లెక్క చూచుకొను రీతి

పరికరము వెల రూ. 9,000, ఏటి రుసుము రూ. 1,200 అనుకొందము. 5 ఏండ్లకు మొత్తము రూ. 15,000 అగును. అదే పరికరము నెలకు రూ. 300 కిరాయికి దొరకినచో 5 ఏండ్లకు రూ. 18,000 అగును. ఈ రూ. 3,000 భేదము మరమ్మతు పూచీకి ఇచ్చు వెల. అయిదేండ్లలో మరమ్మతులకు అంతకు మించి కాగలదని తోచినచో కిరాయి మేలు. లేనిచో కొనుట మేలు. యాసంగి నాలుగు నెలలకు మాత్రమే కిరాయి కుదిరినచో ఏటికి రూ. 1,200తో సరిపోవును.

జాగ్రత్త పడవలసిన చోటు

అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టర్ల మరమ్మతుకు కావలసిన సాఫ్టువేరు పూర్తిగా డీలర్లకే దక్కుచున్నదని రైతులు పెక్కేండ్లు మొరపెట్టుకొనిరి. 2023 జనవరిలో ఆ కంపెనీ అక్కడి ఫారం బ్యూరో ఫెడరేషనుతో ఒడంబడిక చేసికొన్నను వివాదము తీరలేదు; 2025 జనవరిలో అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషను కంపెనీపై వ్యాజ్యము వేసెను. 2022లో ఉక్రెయిన్ దేశపు మెలితోపోల్‌లో సైనికులు ఎత్తుకొనిపోయిన ఆ కంపెనీ యంత్రములను దూరమునుండియే కదలకుండ చేసిరని పత్రికలు ప్రకటించెను. దొంగ పట్ల అది న్యాయమే. కాని దొంగ నాపగల చేయి వాయిదా తప్పిన రైతునుగూడ ఆపగలదు. ఏరువాక వేళ ట్రాక్టరు, పొట్టదశలో మోటారు ఆగినచో పోవునది కిరాయి కాదు, పంట.

మన ప్రాంతమునకు మరియొక హెచ్చరిక కలదు. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత కరెంటు ఆరంభమగుటకు ముందు, ఆటోమేటిక్ స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరెను. అవి రేయింబవళ్లు నీటిని తోడివేయునను భయమే కారణము. ఫోను స్టార్టరు రాత్రివేళ చేనికి పోవు బాధను, పాము భయమును తప్పించును గాని మన రాతినేలలో నీటిని పుట్టింపదు. నీరు తగ్గగానే ఆపు గుణమున్న పరికరమునే కోరవలెను.

సంఘము చేయవలసినది

ఒంటరి రైతు కంపెనీ అచ్చువేసిన పత్రముపై వ్రేలుముద్ర వేయుట తప్ప బేరమాడజాలడు. నూరు మోటార్ల పక్షమున సంఘము కూర్చున్నచో కంపెనీ వినును. ఒడంబడికలో ఈ నాలుగు షరతులు తెలుగున వ్రాయించుకొనవలెను: (1) చెడిన యంత్రమును ఎన్ని గంటలలో బాగుచేయుదురు, ఆలస్యమైనచో ఎంత తగ్గింతురు, (2) ఊరి మెకానిక్కు దానిని విప్పవచ్చునా, విడిభాగములు బజారులో దొరకునా, (3) యంత్రము పంపు లెక్కలు రైతుకు తెలుపుదురా, అతని అనుమతి లేక పరులకిత్తురా, (4) రుసుము ఆగినను పంట చేతికి వచ్చువరకు యంత్రము ఆగకుండునా.

ఈ నాలుగింటికి సూటిగా జవాబియ్యని కంపెనీ యంత్రమెంత చౌకైనను తొందరపడరాదు. సభ్యులు తమ మోటార్లకు గత రెండేండ్లలో అయిన మరమ్మతు ఖర్చును వ్రాసికొని వచ్చు సర్వసభ్య సమావేశమునకు తెచ్చినచో, ఏ బేరము మనకు తగునో ఆ లెక్కలే తెలుపగలవు.